దుప్పటి కప్పిన పుట్టి

సముద్రం ముఖం ఎన్నడూ చూడనివాళ్లు ఓ పాతికమంది సూర్యాపేటలో కూర్చుని ఓడలకు చూపు నేర్పుతున్నారంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. నవ్వొచ్చినా జరుగుతున్నది అదే. టైర్ల షాపు మీది అంతస్తులో రెండు గదులు, మధ్య ప్లైవుడ్ గోడ, కరెంటు పోయినప్పుడల్లా కీచుమనే ఇన్వర్టరు. పొద్దున వచ్చి కుర్చీలో కూలబడితే సాయంత్రం దాకా తెర మీద నీళ్లే నీళ్లు.

జ్యోత్స్న ఆ పనిలో చేరి ఏడాది కావస్తోంది. తెర మీదికి ఒక ఫొటో వస్తుంది. మనుషులెవరూ ఎక్కని సరుకు పడవ తన స్తంభానికున్న కెమెరాతో తీసిన ఫొటో అది. నీళ్ల మీద ఏం కనిపించినా దాని చుట్టూ మౌసుతో గడి గీసి, పక్కనున్న పేర్లలో ఒకటి తగిలించాలి. ఓడ, పడవ, మనిషి, పక్షి, డెబ్రిస్. డెబ్రిస్ అంటే తేలే చెత్త. ఆఫీసులో ఈ పనిని బాక్సులు కొట్టడం అంటారు. కొట్టిన బాక్సులన్నీ చూసి చూసి, ఏది ఏమిటో ఆ పడవ నేర్చుకుంటుంది. పడవ అనో మనిషి అనో నేర్చుకున్నదాని ముందు ఆగుతుంది. చెత్త అని నేర్చుకున్నదాన్ని తోసుకుంటూ పోతుంది.

టీమ్ లీడర్ మధుది కోదాడ. మాట సగం అవతలి జిల్లాది. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా అతను ఒకే పాఠం చెబుతాడు.

"మనిషి లేని ఓడకి తొందరేముంటదమ్మా? వంటగది అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు, ఇంటికెప్పుడు పంపిస్తారని పోరేవాడు ఉండడు. తాపీగా పోద్ది. తాపీగా పోతే ఆయిలు తక్కువ తాగుద్ది, పొగ తగ్గుద్ది. సముద్రం మీదికి పోయేముందు మన కృష్ణలో పరీక్ష చేసేదైతే బ్యాటరీదే, అసలు పొగే లేదు. మన పనల్లా ఒక్కటే, దాన్ని ఉత్తపుణ్యానికి ఆపకూడదు. ఆగిన ప్రతిసారీ మళ్లీ కదలడానికి బోలెడు కరెంటు తింటది. మిగిల్చిందంతా అక్కడే పోద్ది. అనుమానమొచ్చిన ప్రతిదాన్నీ పడవ అని కొట్టకండి."

ఈ పాఠం విని చాలామంది ఆవులిస్తారు. జ్యోత్స్నకు మాత్రం అది మనసుకు పట్టింది. వాళ్ల ఊరి రోడ్డున రాత్రీ పగలూ సిమెంటు లారీలే. ఇంటి ముందు ఆరేసిన బట్ట సాయంత్రానికి బూడిదరంగు తేలుతుంది. వాళ్లమ్మ సాయమ్మ దగ్గు ఏ కాలంలోనూ తగ్గదు. ఆ సరుకంతా ఏటి మీద, చప్పుడూ పొగా లేకుండా పోతుందంటే, అందులో తన చెయ్యి కూడా ఉందంటే ఆమెకు గర్వంగానే ఉండేది.

మంగళవారం నాడు హైదరాబాదు నుంచి కంపెనీ ఇంజినీరు నిత్య వీడియోలో మాట్లాడింది. ఈసారి వచ్చినవి సముద్రం ఫొటోలు కావు, కృష్ణవే. పులిచింతల నీళ్లు నిలిచి ఏరు వెడల్పయిన చోట తీసినవి. నిత్య ఒక ఫొటోను పెద్దది చేసి చూపించింది. గుండ్రంగా, నల్లగా ఏదో తేలుతోంది. దాని మీద నీలంరంగు గుడ్డ కప్పి ఉంది.

"ఇది చాలా ఫొటోల్లో ఉంది. కదలట్లేదు, మనిషి కనిపించట్లేదు. బోటా, డెబ్రిసా? మీరు అక్కడివాళ్లే కదా, ఎవరికైనా తెలుసా?" అంది.

అక్కడున్నవాళ్లలో పుట్టి ఎరగనివాళ్లు లేరు. గుండ్రటి వెదురుబుట్టకు తారు పూస్తే పుట్టి, అందులో నిలబడి మనిషి తెడ్డు వేస్తుంటే ఎవరైనా గుర్తుపడతారు. ఇందులో మనిషీ లేడు, తెడ్డూ లేదు.

"తారు డ్రమ్మేమో మేడం," అంది జ్యోత్స్న పక్క కుర్చీలోని వర్ష.

"నిమజ్జనం అయినంక తేలిన టార్పాలిన్ అయ్యుంటది," అన్నారు వెనకనుంచి ఎవరో. నలుగురు నవ్వారు.

జ్యోత్స్న నవ్వలేదు. చూసిన మరుక్షణమే ఆమెకు తెలిసిపోయింది. వల వేశాక నడిమధ్యాహ్నం ఎండకు చేపలవాడు పుట్టిలోనే పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటాడు. వల తాడు కొస కాలి బొటనవేలికి చుట్టుకుంటాడు, చేప తగిలి తాడు గుంజితే మెలకువ వచ్చేలా. మీద దుప్పటి లాక్కుంటాడు. పుట్టి, వల కలిసి అలా మెల్లగా తేలుతుంటాయి. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు అది ఖాళీ బుట్టే. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు తప్ప లోపల మనిషున్నాడని తెలియదు. జ్యోత్స్న ఆ ఇంట్లో పుట్టింది. వాళ్ల నాయిన మట్టయ్య ఇప్పటికీ అలాగే పడుకుంటాడు.

చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే, నీకెట్లా తెలుసు అంటారు. చేరిన మొదటి రోజు మధ్యాహ్నం ఎవరి టిఫినులోంచో చేపల పులుసు వాసన వస్తే వర్ష దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వర్షవాళ్లకు మిర్యాలగూడలో రైసు మిల్లుంది. ఆ కాసేపటికే వర్ష మీ నాయినేం చేస్తడని అడిగితే, మిల్లులో గుమస్తా అన్న మాట జ్యోత్స్న నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. ఏ మిల్లని వర్ష అడగలేదు. అడక్కపోవడమే జ్యోత్స్నకు వరమైంది.

"డెబ్రిస్ వేసేద్దాం మేడం," అన్నాడు మధు. "డౌటేం లేదు."

"అందరూ ఒప్పుకుంటున్నారా?" నిత్య తెరలోంచి ఒక్కొక్క ముఖమే చూస్తున్నట్టు ఆగింది. జ్యోత్స్న తన కీబోర్డు మీది ధూళి తుడుస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఆ ఫొటోలన్నీ ఆమె తెర మీదికే వచ్చాయి. గుండ్రటి నలుపు, చుట్టూ గడి, డెబ్రిస్. మళ్లీ గుండ్రటి నలుపు. ఒకదాంట్లో గాలికి దుప్పటి అంచు తొలగింది. నలుపు అంచు మీద ఏదో గోధుమరంగు చుక్క. పెద్దది చేసి చూసింది. మడమ. పగుళ్లు బారిన మనిషి మడమ. అది మనిషి అని కొడితే మధు పిలిచి అడుగుతాడు. ఆమె చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది. డెబ్రిస్ అని కొట్టి తర్వాతి ఫొటోకు పోయింది.

ఆదివారం ఊరికి పోయింది. మిర్యాలగూడలో బస్సు దిగి, వాడపల్లి ఆటో ఎక్కి, అక్కడినుంచి ఏటి ఒడ్డు దాకా నడిచింది. మట్టయ్య గుడిసె ముందు పుట్టి బోర్లించి దానికి తారు పూస్తున్నాడు. రాళ్లపొయ్యి మీద డబ్బాలో తారు కుతకుత ఉడుకుతోంది. కర్రకు గుడ్డ చుట్టి అందులో ముంచి, కారకుండా మెలిపెట్టి, వెదురు సందుల్లోకి అదిమి అదిమి రాస్తున్నాడు. బిడ్డను చూసి పని ఆపకుండానే నవ్వాడు.

"రా బిడ్డా. నీ పడవ మన రేవుకే వస్తున్నదంట, ఎరికేనా?"

"నా పడవేంది నాయినా?"

"నువ్వు కండ్లు పెట్టినదే. బుధవారం నడిపి చూపిస్తరంట. అందరు మంచిదంటే వచ్చే నెల సంది దినాం సిమెంటు మోస్తదంట."

చాటలో చేపలు తోముతున్న సాయమ్మ అందుకుంది. "మనోళ్లు ముందు వద్దన్నరే. వలలు తెగుతయి, డీజిలు పడవయితే రొదకు పండుకున్నోడు లేస్తడు, ఇది చప్పుడే చెయ్యదంట, మీదికెల్లి పొయినా తెల్వదు అని పెద్దయ్య బావ శానా లొల్లి చేసిండు. మీ నాయిననే ఇంటింటికి తిరిగి ఒప్పిచ్చిండు."

"మల్లేమనుకున్నవు?" మట్టయ్య కర్ర పైకెత్తి, ఆ రోజు పెద్దయ్యతో అన్నట్టే మళ్లీ అన్నాడు. "దానికి చూపు నేర్పింది మా జ్యోత్స్న. నా బిడ్డ నేర్పిన పడవ నన్ను చూసి ఆగకుండ పోతదా అంటి. ఇగ ఎవడు నోరు తెరవలే."

జ్యోత్స్నకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు మాట్లాడుతుంటే కాళ్ల దగ్గర గడ్డిపరక తుంచుతూ నిలబడింది. ఎంతో సేపటికి, "నాయినా, ఏటిల పండుకోకు ఇగనుంచి," అంది.

"పండుకోకుంటే నడుములుంటయా బిడ్డా?" అన్నాడు మట్టయ్య, డబ్బాలో గుడ్డ ముంచుతూ. "నువ్వున్నవు గదా."

సోమవారం ఆఫీసుకు పోగానే మధు దగ్గరికి వెళ్లింది. దారి పొడవునా కూడదీసుకున్న మాటలు అతని ముందు నిలబడేసరికి సగమయ్యాయి.

"సార్, ఆ గుండ్రటివి ఇంకోసారి చూద్దామా?"

"ఏ గుండ్రటివి? అవి పంపించేశాం కదమ్మా." మధు మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుకున్నాడు. "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే అందరి క్వాలిటీ మార్కులు పడిపోతాయి. ఎందుకు, నీకేమన్నా తెలుసా దాని గురించి?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ ఒక్క మాట చుట్టూ ఏడాదిపాటు ఆమె కట్టుకున్న అబద్ధం ఉంది.

"తెల్వదు సార్. ఊరికెనే అడిగిన."

"మంచిది. ఎల్లుండి ఏటి దగ్గర ట్రయల్ ఉంది. ఇక్కడి పిల్లలే నేర్పారని చూపించుకోవాలంట కంపెనీకి. నువ్వూ వర్షా రావాలి."

రాలేనంటే కారణం చెప్పాలి. రానన్నా నాయిన అక్కడ ఉండనే ఉంటాడు. జ్యోత్స్న తలూపింది.

బుధవారం కారు దిగీ దిగకముందే రేవులో ఆడవాళ్లు "జ్యోత్స్న వచ్చింది" అని చుట్టూ చేరారు. మట్టయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎదురొచ్చాడు. చొక్కా చేతుల కింద, గోళ్లలో తారు మరకలు పోలేదు. బిడ్డ భుజం మీద చెయ్యేసి, మధుకూ వర్షకూ నమస్తే పెట్టాడు.

"మీ నాయిననా?" అంది వర్ష ఆశ్చర్యంగా. "మిల్లంటివి గదనే."

వర్ష జ్యోత్స్న చెవి దగ్గరికి వంగి, "పోనీలే, నేను డిగ్రీ పూర్తి చెయ్యలేదని నీకు చెప్పిన్నా? చెల్లుకు చెల్లు," అని నవ్వి, ఫోను తీసుకుని ఏటిని ఫొటో తీయడానికి పోయింది.

అంతే. మరేం జరగలేదు. ఇన్నాళ్లూ ఏ మాట బయటపడుతుందని ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని బతికిందో, ఆ మాట బయటపడి రెండు నిమిషాల్లో ఎవరికీ పట్టకుండా పోయింది. ఇంత చిన్నదాని కోసమా ఆ మడమను చెత్త అన్నది? ఆమెకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

పడవ పసుపురంగుది. బల్లపరుపుగా, గది లేకుండా, చుక్కాని పట్టే మనిషి నిలబడే చోటే లేకుండా ఉంది. సిమెంటు బస్తాలు పేర్చి మీద పట్టా కప్పారు. ముందు స్తంభం మీద కెమెరాలు. నిత్య చేపలవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎన్ని లారీల పొగ తగ్గుతుందో, గాలి ఎంత బాగుపడుతుందో ఓపికగా చెప్పింది. మంచి మనిషి. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. "ఇప్పుడు ఒకరు పుట్టిలో నడిమధ్య నిలబడతారు, పడవ దానంతటదే చూసి ఆగుతుంది. నా చేతిలో రిమోటుంది, భయం లేదు," అంది.

ఎవరు పోతారనే మాటే రాలేదు. మట్టయ్య అప్పటికే లేచాడు. చొక్కా మీద నారింజరంగు జాకెట్టు తొడిగారు. పుట్టిని నీళ్లలోకి దించుతూ, సాయం పట్టిన బిడ్డతో మెల్లగా అన్నాడు.

"నడిమిట్లకు పొయినంక ఇది ఇప్పేసి, దుప్పటి కప్పుకొని పండుకుంట. నిలబడ్డోన్ని చూస్తే ఎవడన్న ఆగుతడు. పండుకున్నోన్ని చూసి ఆగితే గదా మనోళ్లకు నమ్మకం."

జ్యోత్స్న పుట్టి అంచు వదల్లేదు. "వద్దు నాయినా. నిలబడు."

"ఏం?"

"నిలబడే ఉండు. పండుకోకు. జాకెట్ తియ్యకు."

మట్టయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తెడ్డు వేసుకుంటూ పోయాడు. నడి ఏట్లో నిటారుగా నిలబడ్డాడు. పడవ దూరం నుంచి చప్పుడు లేకుండా వచ్చింది. వచ్చి, నెమ్మదించి, పుట్టికి ఇంకా చాలా దూరం ఉండగానే ఆగిపోయింది. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దయ్య కూడా కొట్టాడు. వర్ష జ్యోత్స్న వీపు తట్టింది.

మట్టయ్య ఒడ్డుకు వచ్చాడు. చప్పట్లు కొట్టేవాళ్ల వైపు చూడకుండా నేరుగా బిడ్డ దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"పండుకుంటే ఆగదా?"

ఆమె తల దించుకుంది. మట్టయ్య తడిసిన లుంగీ కొస పిండుకున్నాడు. అవతల మధు చేపలవాళ్లకు మిఠాయి పంచుతున్నాడు, పడవ నడవడం అందరికీ ఇష్టమేనా అని అడుగుతున్నాడు. మట్టయ్య నిత్య దగ్గరికి నడిచాడు.

"మేడం, జర ఇంకొక్కపారి నడిపిస్తరా? ఈపారి పుట్టిల నేనుండ."

"ఎందుకు పెద్దాయనా, ఆగింది కదా," అన్నాడు మధు.

"మీకు పుణ్యముంటది. ఒక్కపారి."

నిత్య సరేనంది. మట్టయ్య పాత వల ఒకటి మనిషంత పొడవు చుట్టి పుట్టిలో పక్కకు ఒత్తిగిలినట్టు పెట్టాడు. దాని మీద తన నీలం దుప్పటి కప్పాడు. అంచులు లోపలికి మడిచాడు, తను రోజూ మడుచుకున్నట్టే. పెద్దయ్య తన పుట్టితో దాన్ని నడి ఏటికి తోసి వచ్చాడు. దుప్పటిని చూడగానే నిత్య భ్రుకుటి ముడిపడింది. ఆమెకు ఏదో గుర్తొచ్చింది.

పడవ వచ్చింది. నెమ్మదించలేదు. నిత్య రిమోటు నొక్కేలోపే ముందుభాగం పుట్టి అంచును ఎక్కింది. ఎండు కట్టె విరిచినట్టు చిన్న చప్పుడు, అంతే. నీలం దుప్పటి ఒకసారి పొంగి నీళ్లలో మునిగింది. పడవ ఇంకాస్త దూరం పోయి అప్పుడు ఆగింది.

ఒడ్డున ఎవరూ పడవ వైపు కూడా చూడలేదు. అందరూ మట్టయ్యనే చూస్తున్నారు. ఇంటింటికీ తిరిగి హామీ పడ్డ మనిషి అతనే.

"ఏంది మట్టయ్యా," అన్నాడు పెద్దయ్య. గొంతులో కోపం కూడా లేదు. "నీ బిడ్డ నేర్పిందంటివి."

"దాని తప్పేం లేదన్నా." మట్టయ్య తొందరతొందరగా అన్నాడు. "దానికేమెరుక? చిన్నప్పటి సంది హాస్టళ్లల్ల చదివిన పిల్ల. పుట్టి ఎక్కలే, వల చూడలే. మనం గిట్ల పండుకుంటమని దానికి నేనెన్నడు చెప్పలే. తప్పు నాది. నా బిడ్డకు తెల్వదు."

అక్కడున్న చేపలవాళ్లందరికీ అది అబద్ధమని తెలుసు. నడక రాకముందు నుంచీ జ్యోత్స్న తండ్రి పక్కన ఆ పుట్టిలో, అలాంటి దుప్పటి కిందే పడుకునేదని, తాడు కొస తన వేలికి చుట్టమని ఏడ్చేదని తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు. మధు ఊపిరి పీల్చుకున్నాడు. నిత్య కూడా అర్థమైందన్నట్టు తలూపింది. ఊరుకుంటే సరిపోయేది. ఏడాదిపాటు ఆమె కోరుకున్నది ఇదే కదా, ఈ పుట్టికీ తనకూ సంబంధం లేదనిపించుకోవడం. ఇప్పుడు ఆ మాట తండ్రి నోటితోనే, పదిమందిలో, ఆమెకు దానంగా దొరికింది. వింటుంటే ఆమెకు ఒళ్లంతా మండింది.

"నాకు తెల్సు," అంది జ్యోత్స్న.

మట్టయ్య ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆమె ఆపలేదు.

"మేడం, మొన్న మీరు ఫోటో చూపెట్టినప్పుడే నాకు తెల్సు. చెప్పలే. ఒక ఫోటోల మడిమ గూడ కనవడ్డది. అయినా చెత్త అనే కొట్టిన. సారు అడిగినప్పుడు గూడ తెల్వదన్న."

నిత్య చేతిలోని రిమోటు కిందికి దిగింది. మధు కారు వైపు చూశాడు. పెద్దయ్య రెండడుగులు ముందుకు వేసి, కండ్లు చిట్లించి, ఆమె చిన్నప్పుడు పిలిచిన పిలుపుతోనే అడిగాడు.

"తెల్సే చేసినవా చిట్టీ?"

"తెల్సే చేసిన, పెదనాయినా."

"ఎందుకు?"

దానికి జవాబు చెప్పాలంటే పక్కన తండ్రి ఉన్నాడు. ఆయన చెయ్యి ఇంకా ఆమె చేతి మీదే ఉంది. చెప్పకుండా ఉండే దారి కోసం ఆమె చివరిసారి వెతుక్కుంది. లేదు.

"మా నాయిన చేపలు పడతడని చెప్పుకునేటందుకు సిగ్గయింది," అంది.

మట్టయ్య బిడ్డ చెయ్యి వదిలాడు. ఒంటి మీది నారింజరంగు జాకెట్టు విప్పి, నీళ్లు కారకుండా దులిపి, మడిచి నిత్యకు ఇచ్చాడు. తర్వాత పోయి పెద్దయ్య పక్కన, మిగతా చేపలవాళ్లలో నిలబడ్డాడు.